పసుపూ, మాత్రా జోడీ కడితే?

"వంటింట్లో పసుపు ఉండగా ఫంగస్‌కి మాత్రలెందుకు?" ఇక్కడ గంగాలిన్‌లో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను వైద్యుణ్ణి కాను, నా వృత్తి కంప్యూటర్లు. కాని ఈ ప్రశ్నకి జవాబులో చిన్న లెక్క ఉంది కనుక ఈసారి దాని గురించే చెప్పుకుందాం.

కాండిడా అనేది ఈస్ట్ జాతి సూక్ష్మజీవి. చాలామంది నోట్లో, పేగుల్లో ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తుంది. దాని కణపు పొరకి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. ఫ్లుకొనజోల్ వంటి అజోల్ మందులు ఆ తయారీని ఆపుతాయి. మొండి రకాలు కొన్ని పొరలో ఎక్కువ పంపులు పెట్టుకుని, లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి. 2009లో జపానులో ఒక రోగి చెవి నుంచి తీసి గుర్తించిన కాండిడా ఆరిస్ తరచు ఒకటి కంటే ఎక్కువ మందులకి లొంగదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యంత ప్రమాదకరమైన శిలీంధ్రాల వరసలో పెట్టింది.

మరి ఆ పంపులకే అడ్డుపడితే? ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, పసుపులోని కర్క్యుమిన్ ఒక రకం పంపులని అడ్డుకుంది. కొన్ని అజోల్ మందుల బలం పెంచింది. ఇంకో రకం పంపుల మీద మాత్రం దాని ప్రభావం లేదు.

జోడీ కుదిరిందని ఎలా తేలుస్తారు? చదరంగం బల్లలాంటి గళ్ళ పళ్ళెంలో అడ్డంగా ఒక మందు, నిలువుగా ఇంకోటి రకరకాల మోతాదుల్లో వేసి, ఈస్ట్ ఎక్కడ పెరగలేదో చూస్తారు. ఊహకి, ఒంటరిగా మందు 64 పాళ్ళు, కర్క్యుమిన్ 256 పాళ్ళు అవసరమనుకుందాం. కలిపితే 8, 64 చాలాయనుకోండి. 8/64 + 64/256 = 0.375. ఈ మొత్తం 0.5 కి మించకపోతే జోడీ కుదిరినట్టు. 4 దాటితే ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్టు.

ఇదంతా పళ్ళెంలో సంగతి. మనం మింగిన కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పోనీ గాఢమైన గుళికలు మింగుదామా? వాటివల్ల అరుదుగా కాలేయం దెబ్బతినవచ్చని ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ టీజీఏ 2023లో హెచ్చరించింది. అజోల్ మందులు కూడా కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు. కూరలో పసుపు గురించి కాదు ఆ హెచ్చరిక.

కనుక పసుపుని కూరలో వేసుకుందాం. మాత్రని డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడదాం. రెండిటినీ మందుగా జోడించే పని పరిశోధకులకి వదిలేద్దాం. ఇప్పటికే గుళికలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.