జనగణన – బడి పాత్ర: కొల్లిపర అభ్యర్థులకు ఒక నోట్

ఉపాధ్యాయులకు బోధనేతర పనులు అప్పగించరాదని విద్యాహక్కు చట్టం–2009లోని 27వ సెక్షన్ చెబుతుంది. మినహాయింపులు మూడే: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. పరీక్షలో తరచూ తడబడేది ఇక్కడే. కొల్లిపరలోనైనా తెనాలిలోనైనా మన గడప తొక్కే గణకులలో ఎక్కువమంది బడిపంతుళ్లే.

2011లో 'సెన్సస్ ఇన్ స్కూల్స్' పేరిట బడుల ద్వారా దేశమంతా ప్రచారం జరిగింది. పిల్లవాడు చెబితే ఇల్లంతా వింటుంది కాబట్టి, నా దృష్టిలో గోడపత్రికల కన్నా ఇది బలమైన మార్గం. అమ్మానాన్నలకు పిల్లలు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. జనగణన చట్టం–1948లోని 15వ సెక్షన్ ప్రకారం మనమిచ్చే వ్యక్తిగత వివరాలు గోప్యం, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. అలాగే 8వ సెక్షన్ కింద జవాబు చెప్పడం మన బాధ్యత. ఈ రెండూ కలిపి చెబితేనే భయం పోతుంది.

జనగణన కేంద్ర జాబితాలోని 69వ అంశం. దేశమంతటా ఒకేసారి లెక్కించడం 1881లో మొదలైంది. అంతకుముందు జరిగిన గణననూ కలిపి 2011ది 15వది. 2027ది 16వది, తొలి డిజిటల్ గణన. 1931 తర్వాత కులాలన్నిటినీ లెక్కించే జనగణన కూడా ఇదే. మంచు ప్రాంతాలు మినహా గణన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1.

స్థానికంగా ఒకటి గుర్తుంచుకోండి. 2011లో కొల్లిపర, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనే లెక్కకొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. కొల్లిపర గుంటూరులోనే ఉండగా, రేపల్లె కొత్త జిల్లాకు వెళ్లింది. జిల్లాల పాత గణాంకాలు చదివేటప్పుడు ఏ సరిహద్దులవో ముందు చూసుకోండి.