బ్యారక్స్ బయట అద్దె ఇల్లు: అమెరికా సైన్యంలోని పెళ్లికాని వారికి ఉన్న హక్కులు

అమెరికా సైన్యంలో చేరిన పెళ్లికాని యువతీ యువకులు స్థావరం వెలుపల ఇల్లు తీసుకోవాలంటే ముందు అనుమతి ఉండాలి. అది ర్యాంకును బట్టి వస్తుంది. ఆర్మీలో సార్జెంట్ (ఈ-5) వరకు సాధారణంగా బ్యారక్స్‌లోనే ఉండాలి. స్టాఫ్ సార్జెంట్ (ఈ-6) అయ్యాక బయట చూసుకోవచ్చు. ఎయిర్‌ఫోర్స్‌లో ఈ-3 వరకు, మూడేళ్ల సర్వీసు నిండని ఈ-4 కూడా డార్మిటరీలోనే ఉంటారు. బ్యారక్స్‌లో చోటు లేనప్పుడు, కింది ర్యాంకు వారికి కూడా గది ఇవ్వలేమని రాసిచ్చి బయటికి అనుమతిస్తారు. ఆ కాగితం చేతికి రాకముందే లీజు మీద సంతకం పెట్టడం పెద్ద ప్రమాదం. ఇంటి భత్యం రాకపోయినా అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. పై అధికారి నోటిమాట ఇక్కడ పనికిరాదు.

అనుమతి వచ్చినవారికి బీఏహెచ్ అనే ఇంటి భత్యం అందుతుంది. దీనిపై ఆదాయపు పన్ను లేదు. ర్యాంకు, కుటుంబం ఉందా లేదా, పనిచేసే స్థావరం పిన్‌కోడ్ ఏది అన్న మూడింటిని బట్టి మొత్తం ఖరారవుతుంది. సైనికుడు ఎక్కడ కాపురం ఉంటున్నాడన్నది లెక్కలోకి రాదు. కాబట్టి ఊరికి కాస్త దూరంగా తక్కువ అద్దెకు దొరికితే మిగిలిన డబ్బు అతనిదే. ఇద్దరు సైనికులు ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి భత్యం వారికి పూర్తిగా వస్తుంది. జర్మనీ, జపాన్, కొరియా వంటి విదేశాల్లో పనిచేసేవారికి పద్ధతి వేరు. అక్కడ ఒక పరిమితికి లోబడి అసలు అద్దె ఎంతో అంతే ఇస్తారు, మిగులు ఉండదు.

అద్దెకు దిగినవారు తప్పక తెలుసుకోవలసిన చట్టం సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ యాక్ట్ (ఎస్‌సీఆర్‌ఏ). 1940 నాటి చట్టం స్థానంలో 2003లో వచ్చింది. పౌరసత్వం లేని గ్రీన్‌కార్డుదారులు కూడా సైన్యంలో చేరవచ్చు. అలా చేరి సర్వీసులో ఉన్నవారికి ఈ చట్టం ఇచ్చే రక్షణ పౌరసత్వం ఉన్నవారితో సమానంగా ఉంటుంది. అక్కడి సైన్యంలో చేరిన తెలుగు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

శాశ్వత బదిలీ ఉత్తర్వు గానీ, 90 రోజులకు తగ్గని డిప్లాయ్‌మెంట్ ఉత్తర్వు గానీ వస్తే గడువుకు ముందే లీజు రద్దు చేసుకోవచ్చు. ఇంటి యజమానికి రాతపూర్వక నోటీసు, దానితోపాటు ఉత్తర్వు ప్రతి అందాలి. చేతికి ఇవ్వవచ్చు, అందినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపవచ్చు. నోటీసు అందాక వచ్చే తొలి అద్దె గడువు తేదీకి 30 రోజుల తర్వాత లీజు ముగుస్తుంది. అద్దె ప్రతి నెలా 1వ తేదీన కట్టేదైతే, జూన్ 12న అందిన నోటీసుతో గడువు తేదీ జులై 1, లీజు ముగిసేది జులై 31. ముందుగా వెళ్లినందుకు జరిమానా వసూలు చేయకూడదు. ఇంటికి జరిగిన నష్టానికి మాత్రం బాధ్యత ఉంటుంది.

ఈ హక్కును వదులుకుంటున్నట్టు కొందరు యజమానులు సంతకం అడుగుతారు. లీజు లోపలే ఇరికించిన అలాంటి షరతు చెల్లదు. విడిగా, 12 పాయింట్లకు తగ్గని అక్షరాలతో ఉన్న పత్రంపై సర్వీసులో ఉండగా సంతకం పెడితే చెల్లుతుంది. అందుకే విడి కాగితం ముందుకు వస్తే తొందరపడకూడదు.

కలిసి ఉండే స్నేహితుడికి లీజు రద్దు చేసుకునే ఈ రక్షణ లేదు. సైనికుడు వెళ్లిపోయాక ఆ స్నేహితుడే మొత్తం అద్దెకు బాధ్యుడు కావచ్చు. ఎవరి లీజు వారు విడిగా రాయించుకుంటే ఆ బాధ ఉండదు.

చట్టంలో ఒక పెద్ద లోటు ఉంది. స్థావరం మారకుండా మళ్లీ బ్యారక్స్‌కు రమ్మని ఆదేశిస్తే ఎస్‌సీఆర్‌ఏ నేరుగా ఆదుకోదు. పెళ్లికాని వారికే ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఇది. ఫ్లోరిడా, వర్జీనియా వంటి రాష్ట్రాల చట్టాలు ఆ సందర్భంలోనూ రద్దుకు అవకాశమిస్తాయి. మిగతా చోట్ల లీజులోనే ఆ షరతు రాయించుకోవాలి.

ఎస్‌సీఆర్‌ఏ ప్రకారం, సైనికుడు అద్దె బాకీపడినా కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించకూడదు. ఏటా సవరించే అద్దె పరిమితి లోపు ఉన్న ఇళ్లకు ఇది వర్తిస్తుంది. సర్వీసు వల్లే చెల్లించలేకపోయాడని తేలితే న్యాయమూర్తి సాధారణంగా 90 రోజుల పాటు ప్రక్రియ ఆపుతారు.

స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయం సంతకానికి ముందు లీజును చదివి చెబుతుంది. దీనికి ఫీజు లేదు.