ఐమో కెమెరాను విప్పుటకు ముందు

ఏలూరు

చిరంజీవి సూర్యమునకు,

తాడేపల్లిగూడెములో నీకు దొరకిన ఐమో సినిమా కెమెరాను వచ్చు ఆదివారము విప్పెదనని వ్రాసితివి. విప్పక పూర్వము చేయవలసిన పరీక్షలు కొన్ని గలవు. అవి ముగిసిన పిదప విప్పవలసిన యవసరమే తరచుగా మిగులదు.

1925లో బెల్ అండ్ హోవెల్ వారు వెలువరించిన ఆ యంత్రమునకు కరెంటుతో పనిలేదు. గోడగడియారమునకు వలె కీ యిచ్చిన స్ప్రింగు బలముననే 35 మిల్లీమీటర్ల ఫిలిమును లాగును. తొలుత రెండు చుట్లు మాత్రమే కీ యిచ్చి, చెవి యొగ్గి వినుము. చప్పుడు మొదటి నుండి తుదివరకు సమముగా నున్నచో మేలు. ఈడ్చుకొని పోవుచున్నచో లోపలి గ్రీజు జిగురై గట్టిపడినదని గ్రహించి, బలవంతముగ నడపక ఆపుము. స్ప్రింగు డబ్బాను మాత్రము ఎన్నడును తెరవకుము. చుట్టుకొనియున్న ఉక్కుపట్టీ చిమ్మినచో వ్రేళ్లు తెగును.

పిమ్మట లెన్సును ఊడదీసి, టార్చి వెలుతురును ఏటవాలుగా పట్టి చూడుము. తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలియు కొల్లేటి సీమ గాలిలో తేమ యెక్కువ గనుక, తోలుపెట్టెలో మూసియుంచిన లెన్సుపై సాలెపోగుల వంటి బూజు ప్రాకును. పరీక్షలన్నియు ముగిసిన పిదప ఆ పెట్టెను వేరుగా నుంచి, స్ప్రింగును పూర్తిగా దిగనిచ్చి, కెమెరాను బిగుతైన మూతగల డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో భద్రపరచుము.

ఇక గేటు, అనగా లెన్సు వెనుక ఫిలిము ఆనుకొని నడచు చట్రము. నా పాతికేండ్ల ప్రాయమున ఒక కెమెరా గేటులో పేరుకొన్న మడ్డిని గరుకు కాగితముతో రుద్ది, తళతళలాడుచున్నదని మురిసితిని. ఆ పై దానిలో నడచిన ప్రతి ఫిలిము మీదను నిలువుగీత పడినది. మన ఏలూరు ప్రక్కనే సోమవరప్పాడున జన్మించి, 1931లో ‘ఆలం ఆరా’ చిత్రములో నటించి, తుదకు మదరాసులో తన పేరనే స్టూడియోయు లేబరేటరీయు నెలకొల్పిన ఎల్.వి.ప్రసాదుగారి లేబరేటరీ వంటి చోటనైనను, ఎమల్షను తెగునట్లు పడిన గీతను మాన్పు రసాయనము లేదు. కావున వెదురుపుల్లకు మెత్తని గుడ్డ చుట్టి, స్పిరిటు అద్ది, ఓపికతో తుడువుము; ఇనుప ముక్కను దగ్గరకు రానీయకుము.

కడపట పనికిరాని ఫిలిమును పదడుగులు ఎక్కించి, నడపి, కిటికీ వెలుతురునకు పట్టుము. గీత గాని, రంధ్రముల అంచున చిరుగు గాని కానరానిచో కెమెరా బాగున్నట్లే. కానవచ్చినచో నాకు వ్రాయుము. నేను వచ్చువరకు స్క్రూడ్రైవరు పెట్టెలోనే యుండవలెను.

ఇట్లు,
నీ పెదనాన్న