గంగ దిగింది, కానీ చేరలేదు! భగీరథుడు నేర్పే పట్టుదల

మొన్న వీడియోలో గంగావతరణం కథ చెప్పుకున్నాం కదా! టైమ్ చాలక అందులో చెప్పలేకపోయిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. రెండోసారి, మూడోసారి పరీక్ష రాస్తున్నవాళ్లు, ఇంటర్వ్యూలకి తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లు తప్పకుండా చదవండి.

"ఎంత కష్టపడ్డా రావట్లేదండీ, ఇక వదిలేయమంటారా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇంట్లోవాళ్లేమో "భగీరథ ప్రయత్నం చెయ్యాలి" అంటారు. అసలు భగీరథుడు ఏం చేశాడు? వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాముడికి ఈ కథ చెబుతాడు.

సగరుడి 60,000 మంది కొడుకులు కపిల మహర్షి కోపానికి బూడిదయ్యారు. వాళ్లకి సద్గతి కలగాలంటే ఆ బూడిద మీద గంగ పారాలి. సగరుడికి దారి దొరకలేదు. మనవడు అంశుమంతుడు హిమాలయాల్లో తపస్సు చేసి, ఫలితం చూడకుండానే వెళ్లిపోయాడు. అతని కొడుకు దిలీపుడు గంగని ఎలా తేవాలా అన్న దిగులుతోనే ఆయుష్షు గడిపేశాడు. దిలీపుడి కొడుకు భగీరథుడు మాత్రం రాజ్యాన్ని మంత్రులకి అప్పగించి, గోకర్ణం వెళ్లి తపస్సు మొదలుపెట్టాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా గమనించండి. బ్రహ్మ ప్రత్యక్షమయ్యాడు, వరం ఇచ్చాడు. పని అయిపోయిందా? లేదు. గంగ వేగాన్ని భూమి తట్టుకోలేదు, శివుణ్ణి అడగమన్నాడు. భగీరథుడు కాలి బొటనవేలి మీద నిలబడి ఏడాదిపాటు శివుణ్ణి ఆరాధించాడు. శివుడు ఒప్పుకున్నాడు, గంగ దూకింది, ఆయన జటాజూటంలో చిక్కుకుపోయింది! మళ్లీ తపస్సు. చివరికి బయటికొచ్చి రథం వెనకాలే పారుతుంటే జహ్ను మహర్షి మొత్తం తాగేశాడు. దేవతలు, ఋషులు ఆయన్ని వేడుకుంటే చెవుల్లోంచి వదిలాడు. అందుకే ఆమె జాహ్నవి అయింది.

చూశారా, ప్రతి గెలుపు వెనకాలే ఇంకో అడ్డంకి వచ్చింది. కానీ భగీరథుడు ఒకే తలుపు కొడుతూ కూర్చోలేదు. బ్రహ్మ దగ్గర ఆగితే శివుడి దగ్గరికి వెళ్లాడు. జహ్నువు దగ్గర పెద్దల సాయంతో పని జరిగింది. గమ్యం మారలేదు, మార్గం మారింది. అదే పుస్తకం, అదే పద్ధతి, అవే తప్పులతో నాలుగోసారి పరీక్షకి కూర్చోవడాన్ని భగీరథ ప్రయత్నం అనలేం.

ఇంకో సంగతి. గంగ ఎందుకు జటల్లో చిక్కుకుంది? శివుణ్ణే పాతాళానికి ఈడ్చుకుపోతానన్న గర్వంతో దూకింది కాబట్టి. జనవరి 1న మన ఉత్సాహం కూడా అలాంటిదే. రోజుకి పన్నెండు గంటలు చదివేస్తాం, పొద్దున్నే నాలుగింటికి లేచేస్తాం అంటాం. పదో రోజుకి అంతా మాయం. శివుడు ఆ ఉధృతిని కట్టేసి, తర్వాత బిందు సరస్సులోకి వదిలాడు. బిందువు అంటే చుక్క. ఉత్సాహానికి నియమం అనే జట ఉంటేనే అది నేలమీద పారుతుందని నాకు అనిపిస్తుంది.

విష్ణు సహస్రనామం నేర్చుకునేటప్పుడు నేను రోజుకి రెండు శ్లోకాలే పెట్టుకున్నాను. హుషారుగా ఉన్న రోజూ రెండే, జ్వరం వచ్చిన రోజూ రెండే. 108 శ్లోకాలు, 54 రోజుల్లో నోటికొచ్చాయి.

కాబట్టి వదిలేయాలా వద్దా అని తేల్చుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పోయినసారి కంటే ఈసారి పద్ధతి మార్చానా? తెలిసినవాళ్ల సాయం అడిగానా? రోజుకి ఇంత అని పెట్టుకున్నది, మనసు బాగాలేని రోజు కూడా చేశానా? మూడింటికీ "అవును" అన్నా ఫలితం రాకపోతే, దారి మార్చుకోవడం ఓటమి కాదు. అంశుమంతుడు గంగని చూడలేదు. అయినా ఆయన తపస్సు వృథా అని రామాయణం ఎక్కడా అనలేదు.

ఈ రాత్రి పడుకునే ముందు మీ "రెండు శ్లోకాలు" ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. రేపు పొద్దున మొదలుపెట్టండి.

హర హర మహాదేవ! శుభం.