చిన్న గాజు తొట్టిలో పగడాల దిబ్బ: రాళ్ళ పేర్పు, నీటి నడక

భూమి ఉపరితలంలో సుమారు 71 శాతం సముద్రమేనన్న సంగతి మనం హైస్కూలు సాంఘికశాస్త్రంలోనే చదువుకున్నాం. ఆ సముద్రపు అడుగులో పగడాల దిబ్బలు ఆక్రమించిన చోటు ఒక్క శాతం కూడా లేదు. అయినా మనకు తెలిసిన సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక దశలో ఆ దిబ్బల మీద ఆధారపడి బతుకుతున్నాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని ప్రవాళ భిత్తికలు అంటారు. మాట పెద్దదని జడుసుకోనక్కరలేదు. ప్రవాళం అంటే పగడం, భిత్తిక అంటే గోడ. అలాంటి గోడలో చిన్న ముక్కను రెండడుగుల గాజు తొట్టిలో నిలబెట్టాలంటే రాళ్ళు ఎలా పేర్చాలి, నీటిని ఎటు నడిపించాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. మేము పి.జి.లో జంతుశాస్త్రం చదువుతూ, మా విభాగం ప్రయోగశాలలో అలాంటి తొట్టి ఒకటి అమర్చి చూసుకుంటున్నాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళకు కూడా అర్థం కావాలని లెక్కలను వీలైనంత తేలిక చేశాం.

పగడం మొక్క కాదు, రాయి అంతకన్నా కాదు. అది నిడేరియా వర్గానికి చెందిన జంతువు. పాలిప్ అనే చిన్న చిన్న జీవులు గుంపుగా కూడి, తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. వాటి కణాల్లో ఏకకణ శైవలాలు కాపురం ఉండి, పగలు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆతిథేయికి ఆహారం పెడతాయి. ఇంటర్‌లో సహజీవనానికి ఉదాహరణగా పరీక్షల్లో రాసేది ఇదే. అయితే పాలిప్ ఒకసారి అతుక్కున్న చోటు విడిచి నడవలేదు. తిండీ, ఆక్సిజనూ దాని గుమ్మంలోకి రావాలి, మలినం ఆ గుమ్మంలోంచే బయటికి పోవాలి. ఈ రెండు పనులూ చేసేది నీరే.

నీరు నిలిచి ఉన్నా ఆక్సిజన్ అందులో విసరణ ద్వారా కదులుతుంది కదా, పంపు ఎందుకు అని మమ్మల్ని ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. నీటిలో ఆక్సిజన్ విసరణ గుణకం సెకనుకు సుమారు 2 × 10⁻⁹ చదరపు మీటర్లు. దూరాన్ని వర్గం చేసి, ఈ గుణకానికి రెండింతలతో భాగిస్తే పట్టే కాలం ఉజ్జాయింపుగా వస్తుంది. ఒక మిల్లీమీటరు దాటడానికి దాదాపు నాలుగు నిమిషాలు. ఒక సెంటీమీటరుకు పదింతలు, అంటే నలభై నిమిషాలు అనుకుంటాం. కాదు, దూరం పదింతలైతే కాలం నూరింతలవుతుంది. దాదాపు ఏడు గంటలు! ఏ ఉపరితలాన్నైనా ఆనుకుని పలుచని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. ప్రవాహం పెరిగే కొద్దీ ఆ పొర పలుచబడుతుంది. పంపు చేసే అసలు మేలు ఇక్కడ ఉంది. ఈ లెక్క తెలిస్తే మిగతా వ్యాసం సగం చదివినట్టే.

ఇక రాళ్ళు. తొట్టిలో రాయి అలంకారానికి పెట్టేది అనుకుంటారు చాలామంది. నిజానికి తొట్టికి మురుగు శుద్ధి కేంద్రం అదే. చేపల విసర్జనలోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. రాతి పైపొరల్లో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని నైట్రోబాక్టర్ చేస్తుందని మన పుస్తకాల్లో ఉంటుంది. అక్వేరియం తొట్టెల్లో మాత్రం ఎక్కువగా నైట్రోస్పైరా జాతులు ఈ పని చేస్తాయని 1990ల నుంచి జరిగిన పరిశోధనలు చూపించాయి. రాతి లోపలి రంధ్రాల్లో ఆక్సిజన్ అందని చోట ఇంకో రకం బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపిస్తాయి. కాబట్టి రాయికి రంధ్రాలు ఉండాలి, ఆ రంధ్రాల దాకా నీరు మెల్లగా చేరుతుండాలి. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు తప్ప పెద్ద యంత్రాలేమీ లేకుండా తొట్టెలు నడిపి, ఆ పద్ధతిని 1961లో ఒక పత్రికలో రాశారు. ఈనాటి పద్ధతులన్నీ దాదాపుగా ఆయన వేసిన దారిలోనివే.

మన ఊళ్ళో దొరికే గ్రానైటు దీనికి పనికిరాదు, నాపరాయి కూడా అంతే. అవి గట్టివే కానీ లోపల చోటు లేదు. రాతి మీద నీటి చుక్క వేయండి. పీల్చుకుంటే కొంత ఆశ ఉంది, జారిపోతే లేదు. ఎర్ర రాళ్ళలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి వాటి జోలికీ పోవద్దు. సముద్రపు అక్వేరియం కోసమే అమ్మే పొడి రాయి, రంధ్రాలున్న సిరామిక్ రాయి దొరుకుతాయి. మేము వాడింది పొడి రాయే.

ఇక్కడ చట్టం సంగతి చెప్పి తీరాలి. గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 2001లో చేర్చారు. పట్టడం, కొనడం, అమ్మడం నేరం. సముద్రంలోంచి తెచ్చిన రాయి ముక్కకు ఇవి అంటుకుని ఉంటే అదీ చిక్కే. "లైవ్ రాక్ చవగ్గా ఇస్తాం, బిల్లు అడగొద్దు" అని ఒక దుకాణంలో మాతో అన్నారు. బిల్లు లేని సరుకు ప్రభుత్వ కళాశాల ప్రయోగశాలలోకి రావడం కన్నా ఖాళీ తొట్టి నయం అని తిరిగి వచ్చేశాం. చేపల విషయంలో ఆ ఇబ్బంది లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు మండపం కేంద్రంలో క్లౌన్ చేపలను తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతిని అభివృద్ధి చేశారు. అలా హేచరీలో పుట్టిన జంటే ఇప్పుడు మా తొట్టిలో ఉంది.

పేర్పు మొదలుపెట్టే ముందు తొట్టి కొలతలు చూసుకోవాలి. మాది 60 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 38 ఎత్తు. గుణిస్తే సుమారు 86 లీటర్లు. రాళ్ళూ, ఇసుకా, పైన వదిలే జాగా తీసేస్తే నికరంగా 70 లీటర్ల నీరు పడుతుంది. గాజు, రాళ్ళు కలుపుకుంటే బరువు నూరు కిలోలకు తక్కువ ఉండదు. బల్ల ఆ బరువు మోస్తుందా అని ముందే చూసుకోండి.

నేల మీద పాత వార్తాపత్రిక పరిచి, తొట్టి అడుగు కొలతతో దీర్ఘచతురస్రం గీయాలి. గీతలకు లోపల నాలుగు వేళ్ళ వెడల్పున ఇంకో దీర్ఘచతురస్రం గీయాలి. రాళ్ళన్నీ ఈ లోపలి గీతల్లోనే నిలబడాలి. గాజు తుడవడానికి చేయి పట్టాలి, రాళ్ళ వెనక నీరు తిరగాలి. వెనక గాజుకు ఆనించి గోడలా పేర్చడం పాత అలవాటు. చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ ఆ గోడ వెనక చేరిన మలినాన్ని తీయడం దేవుడి తరం కూడా కాదు. రెండు గుట్టలు చేసి, ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా, నడుమ కాలువలాంటి దారి వదలడం మాకు నచ్చిన పద్ధతి. 70 లీటర్లకు ఏడెనిమిది కిలోల రాయి చాలు. ఎక్కువ రాయి వేస్తే ఎక్కువ శుద్ధి జరుగుతుందనేది కొంతవరకే నిజం. నీరు వెళ్ళలేని రాయి ఉన్నా లేనట్టే.

ప్రతి రాయీ కింది రాయిని కనీసం మూడు చోట్ల తాకాలి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు కదా, అదే సూత్రం. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా నిలిచిన గుట్ట నీళ్ళు పోశాక కదులుతుంది. దానికి కారణం ఆర్కిమెడిస్ సూత్రం. సున్నపు రాయి సాంద్రత నీటికి మూడింతలకు కాస్త తక్కువ. నీటిలో దాని బరువు మూడో వంతు తగ్గుతుంది, బరువుతో పాటు రాయిని రాయి పట్టుకునే ఘర్షణా తగ్గుతుంది. అందుకే కీలకమైన చోట్ల అక్వేరియంలకు పనికివచ్చే ఎపాక్సీ ముద్దతో, జిగురుతో అతికించాలి. ఇంకొక మాట. రాళ్ళు ముందు, ఇసుక తరువాత. ఇసుక పరిచి దాని మీద రాయి పెడితే, ఇసుకను తవ్వే చేపో, పీతో ఒకనాటి రాత్రి పునాది కింద సొరంగం తీస్తుంది. గుట్ట కూలి గాజు పగిలితే మిగిలేదేమీ ఉండదు.

అసలు సముద్రంలో కూడా రాయికీ నీటికీ ఉన్న సంబంధం ఇంత గట్టిదే. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ పగడాల దిబ్బలు ఉన్నాయి. అక్కడ సున్నం కోసం ఏళ్ళ తరబడి పగడాన్ని తవ్వి తీశారు. అలల దెబ్బను కాచే గోడ పోవడంతో రెండు దీవులు నీట మునిగాయి. మన ఆంధ్ర తీరంలో అంత పెద్ద దిబ్బలు లేకపోవడానికి కూడా నీరే ఒక కారణం. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, ఒండ్రు పగడానికి పడవు. మన తీరం నుంచి నీరు తెచ్చుకునేవారు వరదల రోజుల్లో లవణీయత కొలిచి తీరాలి. 1.025 విశిష్ట గురుత్వం దగ్గర ఉండాలి.

ఇప్పుడు పంపుల విషయానికి వద్దాం. మెత్తటి పగడాల తొట్టిలో గంటకు తొట్టి నీటికి ఇరవై ఇంతల నీరు కదలాలని సాధారణ లెక్క. 70 లీటర్లకు 1400 లీటర్లు. దీన్ని ఒకే పంపుతో ఇవ్వకూడదు. నీటి వేగం రెట్టింపైతే పాలిప్ మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. ఒకే దిక్కు నుంచి సూటిగా కొట్టే ధార ముందున్న జీవి ముడుచుకుని తెరుచుకోనే తెరుచుకోదు, రాతి వెనక ఉన్నదానికి ఏమీ అందదు. గంటకు 800 లీటర్ల పంపులు రెండు తీసుకుని, రెండు చివరల నుంచి ఎదురెదురుగా, కాస్త పైకి తిప్పి పెట్టాలి. రెండు ధారలూ నడుమ ఢీకొని చెదిరి సుడులవుతాయి. సముద్రంలో అలల కింద నీరు కదిలేది అలాగే, ఒకసారి ఇటు, ఒకసారి అటు. పైకి తిప్పడం వల్ల నీటి ముఖం చెదిరి గాలిలోని ఆక్సిజన్ కరుగుతుంది. వైరు గోడ సాకెట్టు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా చూడండి. వైరు వెంట జారే ఉప్పునీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్టులోకి పోదు.

మలినం ఎక్కడ చేరాలో ముందే నిర్ణయించుకోవాలని మాకు మొదట చెప్పింది పుస్తకం కాదు, నాన్న. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తారు. చెరువులో ఏరియేటర్లను గట్టు వెంట ఒకే తిరుగుడులో నిలబెడతారు. నీరు గుండ్రంగా తిరిగి, మడ్డి అంతా చెరువు నడుమకు చేరుతుంది. అంచులు శుభ్రంగా ఉంటాయి, మేత అక్కడే చల్లుతారు. తొట్టిలో కూడా పంపుల కోణం మార్చి, మలినం ముందు గాజు మూలకు చేరేటట్టు చేస్తే పైపుతో లాగేయడం అయిదు నిమిషాల పని.

రాత్రి సంగతి కూడా ఆయనకే బాగా తెలుసు. రాత్రిపూట శైవలాలు ఆక్సిజన్ ఇవ్వవు, అవీ తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. 26 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, అదే వేడిలో సముద్రపు నీటిలో 6.7 దాకానే కరుగుతుంది. వేడి పెరిగితే ఇంకా తక్కువ. ఆ వేళలో కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే రైతుకు పంట పోతుంది, నాన్నకు ఆ నెల జీతం ఆగుతుంది. "నీళ్ళు పడుకున్నాయంటే రొయ్య లేవదురా" అంటారు నాన్న. మా తొట్టిలో ఉన్నవి రెండు చేపలూ, నాలుగు మెత్తటి పగడాలే అయినా, జూనియర్ల ప్రాక్టికల్స్ అన్నీ వాటి మీదే. అందుకని కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు ఒకటి పెట్టుకున్నాం. తొట్టి ఖర్చులో అది చిన్న భాగం. మా దృష్టిలో రంగుల లైటు కన్నా ముందు కొనవలసింది అదే.

పొడి రాయితో మొదలుపెడితే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా చేపను వేయకూడదు. ఈ ఖాళీ రోజుల్లోనే ప్రవాహాన్ని పరీక్షించుకోవాలి. మేత పొడి చిటికెడు నీటిలో కలిపి పంపు ముందు వదిలి, గదిలో లైటు ఆర్పి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. రేణువులు ఎటు పోతున్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో దారులన్నీ కనిపిస్తాయి. అరగంట తరువాత అవి ఎక్కడ కుప్పపడ్డాయో అక్కడ నీరు నడవడం లేదని అర్థం. పంపును వేలెడంత తిప్పి మళ్ళీ చూడాలి. మేము మూడు సాయంత్రాలు ఇదే పని చేశాం.

మెత్తటి పగడాలు వేశాక చేతులకు గ్లవ్స్ లేకుండా రాళ్ళు ముట్టవద్దు. బటన్ పాలిప్ రకాల్లో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. అవి పెరిగిన రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు.

ఆవిరైపోయిన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా. రెండు మూడు నెలలు గడిచేసరికి ప్రవాహం తగ్గినట్టు అనిపిస్తుంది, రాళ్ళ మీద నాచు కనిపిస్తుంది. రాళ్ళు కదిలించవద్దు, ముందు పంపు విప్పి చూడండి. లోపలి రెక్క మీద తెల్లగా సున్నం పట్టి ఉంటుంది. సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి గంటసేపు నానబెడితే బుడగలు వస్తూ కరిగిపోతుంది. పదో తరగతిలో ఆమ్లానికీ కార్బొనేటుకూ మధ్య జరిగే చర్య అని రాసింది ఇదే. బాగా కడిగి మళ్ళీ బిగించి, చిటికెడు మేత పొడి వదిలి, టార్చి వేసి చూడండి.