వేటగాని హద్దు

మానవుడు సేద్యం నేర్వకముందే వేట నేర్చాడు. ఆకలి తీర్చుకోవడానికి ఆరంభమైన ఆ పని కాలక్రమంలో రాజులకు వినోదమై, దొరలకు హోదాకు గుర్తై, చివరకు చట్టం దృష్టిలో నేరమైంది. ఇన్ని మార్పుల నడుమ ఒక ప్రశ్న మాత్రం మారకుండా నిలిచి ఉన్నది. అడ్డుచెప్పేవారు లేని చోట, ఎంతైనా చంపవచ్చునన్న అధికారం చేతిలో ఉన్నప్పుడు, వేటగాడు తన చేతిని తానే ఎక్కడ ఆపుకోవాలి? జనగామ మెట్టల నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల దాకా విస్తరించిన ప్రాంతం ఈ ప్రశ్నకు రకరకాల సమాధానాలను చూసింది.

2016 అక్టోబరు 11న ఈ మూడూ వేర్వేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. అంతకుముందు వీటిలో అధికభాగం వరంగల్ జిల్లాలోనిదే. జనగామ వైపు నేల మెట్ట. చెరువులు, బోడిగుట్టలు, తుప్పలు. అక్కడి వేట కుందేలు, కౌజు, అడవిపంది. తూర్పుగా పోయినకొద్దీ భూమి పచ్చబడుతుంది. స్థానికులు నేటికీ మానుకోట అని పిలుచుకునే మహబూబాబాదు దాటి గూడూరు వైపు వెళితే అడవి చిక్కబడుతుంది. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవి ఈ వరుసలోనిదే. ఉత్తరాన భూపాలపల్లి, మహదేవపూర్ అడవులు గోదావరి ఒడ్డు వరకు సాగుతాయి. పులులు విరివిగా తిరిగిన నేల ఇది.

1902 ఏప్రిల్‌లో నెక్కొండ సమీపంలో తీసిన ఒక ఛాయాచిత్రం నేటికీ ప్రసిద్ధం. నెక్కొండ మానుకోట నుంచి కాజీపేట వైపు వెళ్ళే రైలుమార్గంలో కొద్ది స్టేషన్ల దూరంలోనే ఉన్నది. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ పేరుతో లభించే ఆ చిత్రంలో నాటి వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ నిలబడి ఉంటారు. వారి ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. అప్పటి హైదరాబాదు పాలకుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. ఆయన స్వయంగా పేరు మోసిన పులివేటగాడు, గురి తప్పని తుపాకీదారు. అటువంటి ప్రభువు రాజ్యంలో వైస్రాయి వంటి అతిథికి వేటలో హద్దు చెప్పగలవారెవరు? ఆ కాలపు రాజవేటలు ఒక్కరి పరాక్రమంతో జరిగేవి కావు. గ్రామాల జనం డప్పులు మోగిస్తూ, కేకలు పెడుతూ మృగాన్ని మంచె వైపు తరిమేవారు. మంచె మీది వేటగాడికి మిగిలేది మీట నొక్కే పని. తరిమేవారి ప్రాణానికి ఉన్న ముప్పు మంచె మీదివారికి ఉండేది కాదు. ఛాయాచిత్రంలో చోటు మాత్రం మంచె మీదివారిదే.

అయితే ఇదే కర్జన్ అంతకు రెండేళ్ళ ముందు మరొక విధంగా ప్రవర్తించాడు. 1900లో జునాగఢ్ నవాబు ఆయనను గిర్ అడవులకు సింహాల వేటకు ఆహ్వానించాడు. సింహాలు అక్కడ వేళ్ళమీద లెక్కించదగినన్నే మిగిలాయని తెలిసిన మీదట కర్జన్ ఆ వేటను మానుకొని, వాటిని కాపాడవలసిందని నవాబుకు సలహా ఇచ్చాడు. మనిషి ఒక్కడే, అధికారం ఒక్కటే. సింహం అరుదని తెలిసి చేయి ఆగింది. పులులు కొల్లలని నమ్మి చేయి సాగింది. కర్జన్ నిగ్రహం లెక్క చూసి వచ్చిన నిగ్రహం. దానిని తక్కువ చేయనక్కరలేదు, గిర్ సింహాలు నేటికీ ఉన్నాయి. కాని లెక్కలు చూసి ఆగే చేయి, లెక్కలు తెలియని చోట ఆగదు. 1902లో ఈ దేశంలో పులులెన్నో లెక్కించినవారు లేరు.

లెక్కతో నిమిత్తం లేని హద్దు ఒకటున్నదని భారతకథ చెబుతుంది. పాండురాజు అడవిలో ప్రియురాలితో కూడి ఉన్న ఒక లేడిపై బాణాలు వేస్తాడు. ఆ లేడి మృగరూపం ధరించిన కిందముడనే ముని. పడిపోయిన ముని నిందించగా పాండురాజు తన హక్కును సమర్థించుకుంటాడు. మృగాలను చంపడం రాజులకు విహితమేనని, ఎదురుగానో మాటుననో చంపవచ్చునని, పూర్వులూ వేటాడారని వాదిస్తాడు. ఇక్కడ ముని ఇచ్చే సమాధానమే గమనింపదగినది. రాజు వేటాడినందుకు ముని తప్పు పట్టడు. మృగాన్ని చంపే హక్కు రాజుకు లేదని కూడా అనడు. ఆ ఒక్క ఘడియ ఆగలేకపోయావే అన్నదే అతని అభియోగం. రాజు తన హక్కు గురించి మాట్లాడుతున్నాడు. ముని అతని దయ గురించి అడుగుతున్నాడు. ఇద్దరి మాటలూ ఎక్కడా కలవవు. వ్యాసభారతంలోని ఈ ఘట్టాన్ని చాలామంది శాపకథగా మాత్రమే గుర్తుంచుకుంటారు. నిజానికి అది చట్టబద్ధమైన వేటలో కూడా తప్పు జరగగలదని చెప్పిన తొలి వాదోపవాదాలలో ఒకటి.

హక్కు ఉండి కూడా దానిని తానే కుదించుకున్న రాజు చరిత్రలో ఉన్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. తన వంటశాలలో పూర్వం నిత్యం లక్షల సంఖ్యలో ప్రాణులు వధింపబడేవని, ఈ శాసనం వ్రాయించే నాటికి అవి మూడుకు తగ్గాయని అశోకుడు చెప్పుకున్నాడు. ఆ మూడింటిలో రెండు నెమళ్ళు, ఒక లేడి; ఆ లేడి కూడా నిత్యం కాదు. ఇకముందు ఈ మూడింటినీ చంపబోమని చేర్చాడు. పూర్వపు రాజుల వేటయాత్రలకు బదులు ధర్మయాత్రలు మొదలుపెట్టానని మరొక శాసనంలో ప్రకటించాడు. ఆ మూడు ప్రాణుల ప్రస్తావన చూస్తే చక్రవర్తి కంటె ఒక మామూలు మనిషి కనిపిస్తాడు. పూర్తిగా మానివేశానని చెప్పుకుని ఉంటే అడిగేవారు ఎవరూ లేరు. ఇంకా మానలేకపోయిన కొంచెాన్ని కూడా బండపై చెక్కించి లోకానికి చూపడం అరుదైన నిజాయితీ.

నెక్కొండ వేట జరిగిన ఏడాదే, 1902 నవంబరులో, అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో ఎలుగుబంటి వేటకు వెళ్ళాడు. ఆయనకు వేట దొరకకపోవడంతో అనుచరులు ఒక ఎలుగును పట్టి చెట్టుకు కట్టి, కాల్చమని పిలిచారు. కట్టివేసిన జంతువును కాల్చడం వేటగాని లక్షణం కాదని ఆయన నిరాకరించాడు. ఈ వార్త నుంచే పిల్లల ఆటబొమ్మ టెడ్డీ బేర్ పుట్టింది. బొమ్మ కథలో సాధారణంగా చెప్పని భాగమొకటి ఉంది. అప్పటికే గాయపడిన ఆ ఎలుగు బాధ తీరేలా చంపివేయమని రూజ్వెల్టే ఆదేశించాడు. తరువాత 1909లో ఆఫ్రికాకు వెళ్ళి, కుమారునితో కలిసి అయిదు వందలకు పైగా జంతువులను కాల్చాడు. ఎదిరించే అవకాశం లేని ప్రాణిని చంపరాదన్నది ఆయన నియమం. ఎన్ని చంపరాదన్న నియమం ఆయనకు లేదు.

ఈ రాజుల, అధ్యక్షుల వేటకు దూరంగా, భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ అడవుల్లోని కోయల వేట వేరొక తీరున సాగింది. వేసవి చివర విత్తనాల పండుగ వేళ కోయ పురుషులు గుంపుగా వేటకు పోవడం ఆచారం. విల్లు, బాణం, బల్లెం వారి ఆయుధాలు. తెచ్చిన మాంసం ఊరంతా పంచుకునేవారు. ఇందులో హద్దులు ఎవరూ వ్రాసి పెట్టినవి కావు. వేట కొన్ని దినాలకే పరిమితం. బాణం పోయినంత దూరమే చావు పోతుంది. పంచుకోవలసిన మాంసం దాచుకోవడానికి, అమ్ముకోవడానికి వీలు కాదు. అట్లని ఆ ఆచారాన్ని అహింసావ్రతంగా చిత్రించడం సరికాదు. రిక్తహస్తాలతో తిరిగివచ్చిన పురుషులను ఊరి స్త్రీలు ఎగతాళి చేయడం కూడా ఆ పండుగలో భాగమేనని పూర్వపు పరిశీలకులు వ్రాశారు. చంపక వచ్చినవాడు అక్కడ నవ్వుల పాలయ్యేవాడు. సంయమనం ఆ సమాజంలో వ్యక్తి మనసులో కంటె పనిముట్టులో, పంపకంలో, కాలనియమంలో ఎక్కువగా ఉండేది. పనిముట్టు మారిన నాడు ఆ హద్దు ఏమవుతుందన్నది అప్పటికి రాని ప్రశ్న.

ఈ అడవులకు పూజ్యమైన గాథ ఒకటి కూడా వేటతోనే మొదలవుతుంది. వేటకు వెళ్ళిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకుంటున్న పసిపాప కనిపించిందని, ఆమెయే సమ్మక్క అని మేడారం భక్తులు చెప్పుకుంటారు. గాథలో వేటగాళ్ళు ఆ దినం తెచ్చినది మాంసం కాదు, బిడ్డను.

దొరల వేటను పల్లె జనం ఏ కంటితో చూశారో తెలుసుకోవడానికి పిట్టలదొర చాలు. ఖాకీ దుస్తులు, పాత టోపీ, భుజాన కట్టెతుపాకీ ధరించి ఇంటింటికీ తిరిగే ఈ జానపద కళాకారుణ్ణి తుపాకి రాముడని కూడా అంటారు. తన వేటల గురించి, ఆస్తుల గురించి అతడు చెప్పే కోతలకు అంతు ఉండదు. జనగామ ప్రాంతం దేశ్‌ముఖుల పెత్తనాన్ని, వెట్టిచాకిరిని చవిచూసిన నేల. నిజమైన దొర ఎదుట నవ్వడానికి వీలులేని జనం పిట్టలదొర ఎదుట కడుపారా నవ్వుకున్నారు.

హద్దులేని హక్కు ఎక్కడికి చేరుతుందో 1947లో తేలింది. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు ఒక రాత్రి మూడు చీతాలను కాల్చి చంపాడు. భారతదేశంలో నమోదైన చివరి చీతాలు అవేనని భావిస్తారు. తన సంస్థానంలో ఆయన ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. 1952లో ప్రభుత్వం ఈ దేశంలో చీతా అంతరించిందని ప్రకటించింది. 1950ల తొలినాళ్ళలోనే పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలయ్యాయి. 1972లో జరిగిన తొలి జాతీయ గణనలో దేశమంతటా తేలిన పులులు 1,827 మాత్రమే. అదే సంవత్సరం వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులెన్నింటినో గుర్తించినా, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. దొర చేసిన అతికి కోయవాని మితం కూడా మూల్యం చెల్లించవలసి వచ్చిందన్న బాధలో న్యాయం లేకపోలేదు. కాని మిగిలిన మృగాల సంఖ్య చూసినప్పుడు చట్టానికి వేరే దారి ఉన్నట్లు కూడా తోచదు.

అమెరికా అటవీ శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ స్వయంగా వేటగాడు. యౌవనంలో, తోడేళ్ళు తగ్గితే లేళ్ళు పెరుగుతాయన్న నమ్మకంతో తోడేళ్ళను కాల్చాడు. తోడేళ్ళు లేని కొండల మీద లేళ్ళు పెరిగి పచ్చదనమంతా మేసివేయగా, ఆ కొండలు బోడివారడం తరువాత చూశాడు. ఆయన మరణానంతరం 1949లో వెలువడిన గ్రంథంలో వేటకున్న ఒక ప్రత్యేకతను ఎత్తిచూపాడు. ఇతర క్రీడలలో చప్పట్లు కొట్టడానికి, తప్పు పట్టడానికి జనం ఉంటారు. వేటగానికి అటువంటి ప్రేక్షకులు లేరు. అందుచేత అడవిలో అతనికి సాక్షి అతని మనస్సే. ఈ మాటలో ఒక షరతు దాగి ఉన్నది. మనస్సు సాక్షి కావాలంటే మనిషి అక్కడ ఉండాలి.

మనిషి అక్కడ లేని వేట నేడు ఈ జిల్లాలను బాధిస్తున్నది. అడవిపందుల కోసం కాలిబాటల వెంట, చేల గట్ల వెంట జానెడెత్తున కరెంటు తీగలు కట్టి, రాత్రికి విద్యుత్తు తగిలించి వెళ్ళిపోతారు. పొదల్లో ఉచ్చులు అమర్చి వెళ్ళిపోతారు. 2021లో తాడ్వాయి అడవుల్లో ఇటువంటి ఉచ్చుకే ఒక పులి బలి అయింది. సరయూతీరాన చీకటిలో కడవ మునిగిన చప్పుడు విని, ఏనుగనుకొని బాణం వేసి మునికుమారుణ్ణి చంపిన దశరథుని కథ ఇక్కడ స్ఫురిస్తుంది. ఏనుగునైనా వేటలో చంపడం రాజుకు నిషిద్ధమేనని కాళిదాసు రఘువంశంలో ఆ సందర్భాన గుర్తు చేశాడు. అయినా దశరథుడు చప్పుడైనా విన్నాడు. ఆర్తనాదం వినగానే నీటి ఒడ్డుకు పరుగెత్తాడు, కడవను తానే నింపుకొని అంధులైన తల్లిదండ్రుల వద్దకు వెళ్ళి చేసిన పని చెప్పుకున్నాడు. తీగకు చప్పుడు కూడా అక్కరలేదు. తనను తాకినది పందియా, చూలాలైన దుప్పియా, పొలానికి నీళ్ళు పెట్టడానికి వచ్చిన రైతా అన్నది దానికి తెలియదు. పాండురాజును ముని అడిగిన ఆ ఒక్క ఘడియ నిరీక్షణకు అక్కడ తావే లేదు.

2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలంలోని అడవిలో గాలింపునకు వెళ్ళిన గ్రేహౌండ్స్ దళానికి చెందిన ఒక జవాను, మృగాల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి మరణించాడు. తీగ కట్టినవారికి అతనిపై పగ లేదు. అతడెవరో కూడా వారికి తెలియదు. ఆ తీగ అతనికి తగిలిన క్షణాన వారు అక్కడ లేరు.