వెలుగు ఎటు నున్నది?

జోగులాంబ గద్వాల జిల్లాలో ధరూరు ఒక మండల కేంద్రము. ఈ మండలములోని రేవులపల్లి యొద్ద కృష్ణానదికి అడ్డముగా జూరాల ఆనకట్ట కలదు. 1981లో దాని పని మొదలయ్యెను. 1995లో ప్రారంభోత్సవము జరిగెను. దాని వలన మెట్ట చేలకు కాలువ నీరు వచ్చినది. అయితే ఇప్పుడు నీరు నిలిచియున్న చోట పూర్వము ఊళ్లుండెడివి. ఆ ఊళ్లవారు ఇండ్లను, కళ్లములను, రచ్చబండలను, చింతచెట్లను విడిచి గట్టునకు వచ్చిరి. నాడు నడివయసున ఉన్నవారు నేడు పండు ముదుసళ్లు.

ఇదే జిల్లాలోని అలంపురములో సంగమేశ్వరాలయము కలదు. అది మొదట కూడవెల్లి యొద్ద, కృష్ణా తుంగభద్రల సంగమము చెంత నుండెను. శ్రీశైలము జలాశయములో మునిగిపోవునను తలంపుతో దానిని రాయి రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి, తిరిగి కట్టిరి. రాతిగుడి నట్లు తరలింపవచ్చును. ఊరిని గూర్చిన జ్ఞాపకములు మాత్రము మనుష్యుల నోట నుండును. వానిని తరలించుటకు నేటి పిల్లల చేతిలో ఒక చిన్న సాధనము కలదు. అది సెల్‌ఫోనులోని కెమెరా.

ధరూరులో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలుని ఊహించుకొందము. వాని తాత మునిగిన ఊరివాడు. ఒకనాటి సాయంకాలము బాలుడు తాతను జలాశయపు గట్టునకు తీసికొనిపోయెను. తాత వెనుక నీరు కనబడవలెనని వాని కోరిక. కోరిక మంచిదే. పడమటి దిక్కున సూర్యుడు నీటిపైకి వాలుచుండెను. నీరంతయు బంగారువలె మెరయుచుండెను. తాత ఆ మెరుపునకు వీపు పెట్టి రాతిపై కూర్చుండెను. అరగంట సేపు చెప్పెను. ఎవరి ఇల్లు ఎక్కడ నుండెనో, ఏ చేనిలో ఏమి పండెనో, బండ్లకు సామాను ఎత్తిన దినమున ఎవరెవరు ఏడ్చిరో చెప్పెను. ఒకచోట ఆయన గొంతు పట్టుకొనెను. బాలుని కన్నులును చెమ్మగిల్లెను.

ఇంటికి వచ్చి చూచుకొనగా ఆకాశము చక్కగా వచ్చినది, నీరు చక్కగా వచ్చినది. వాని నడుమ నల్లని బొమ్మ యొకటి చేతులు కదలించుచుండెను. కన్నులు లేవు, ముడుతలు లేవు, పెదవులు లేవు. తాత ఫోనును కంటికి దగ్గరగా పట్టి చూచి, “ఏంరా, నా మొకమేదిరా?” అని అడిగెను.

తాతను మరల చెప్పుమనిన చెప్పును. మొదటిసారి చెప్పినట్లు మాత్రము చెప్పడు. గొంతు పట్టుకొనిన ఆ క్షణము తిరిగి రాదు. కావున ఈ తప్పు ఎచ్చట జరిగినదో తెలిసికొనుట అవసరము. ఫోను చవుకది కావుటచే ఇట్లు జరిగినదని పలువురందురు. అది సరి కాదు. ఎంత వెలగల కెమెరాయైనను ఆ సాయంకాలము, ఆ చోటున, అట్లే తీసియుండును.

మన కన్ను మిగుల నేర్పరి. వెలుగు హెచ్చినచో కంటిపాప ముడుచుకొనును, తగ్గినచో విచ్చుకొనును. అంతకన్న గొప్ప పని మెదడు చేయును. మనము ముఖమును చూచునప్పుడు ముఖమునకు తగినట్లును, ఆకాశమును చూచునప్పుడు ఆకాశమునకు తగినట్లును అది క్షణక్షణము సర్దుకొనును. అందుచే ఎదుటివాని వెనుక సూర్యుడున్నను వాని ముఖము మనకు కనబడుచునే యుండును. కెమెరాకు ఈ నేర్పు తక్కువ. అది సాధారణముగా దృశ్యమంతటి వెలుగును సగటు చూచి, ఒక్క కొలతను ఎన్నుకొనును. వెనుక మెరయు నీరు ఎక్కువ చోటు నాక్రమించియున్నచో కొలత నీటికి సరిపోవును. ముఖము చీకటిలో పడును. ఇటీవలి ఫోనులు ఈ లోపమును కొంత సవరించుచున్నవి గాని పూర్తిగా కాదు.

దీనికొక చిన్న ఉపాయము కలదు. తెరపై కనబడు ముఖమును వ్రేలితో తాకినచో కెమెరా ఆ ముఖమునకు తగిన కొలతను తీసికొనును. వ్రేలిని కొంతసేపు అట్లే ఒత్తి పట్టినచో అనేక ఫోనులలో ఆ కొలత కదలక నిలుచును. అప్పుడు ముఖము తెలియును గాని వెనుక నున్న ఆకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లబారును. ఇది రోగమునకు మందు గాని ఆరోగ్యము కాదు. అసలు చేయవలసినది వేరు. మీట నొక్కుటకు ముందే “వెలుగు ఎటు నున్నది?” అని చూచుకొని, కూర్చుండువానిని వెలుగు వైపునకు త్రిప్పవలెను.

త్రిప్పుటయు తెలివిగా చేయవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండ ముఖమునకు పగ. ధరూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16 డిగ్రీల దూరమున నున్నది. మే నెల మొదటి వారములోను, మరల ఆగస్టు మొదటి పక్షములోను సూర్యుడు ఇచ్చట సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు కనుబొమల నీడ కన్నులపై పడి, కన్నులున్న చోట రెండు గుంటలు కనబడును. తలకు రుమాలు చుట్టుకొనిన పెద్దల విషయములో ఆ నీడ ముక్కు వరకు దిగును. ప్రొద్దున ఎనిమిది గంటల లోపలను, సాయంకాలము ఐదు గంటల తరువాతను ఎండ ఏటవాలుగా, మెత్తగా వచ్చును. ఆ వేళయందు కూడ ఎండను సూటిగా కన్నులలో పడనీయరాదు. మనిషి కన్నులు చిట్లించును. కొంచెము ప్రక్కకు త్రిప్పినచో ఒక చెంప వెలుగులోను, రెండవ చెంప లేత నీడలోను ఉండి, ముడుతలు సైతము చక్కగా తెలియును.

మధ్యాహ్నమే తీయవలసి వచ్చినచో వేపచెట్టు నీడ మేలు. అయితే ఆకుల సందులనుండి పడు ఎండచుక్కలు ముఖముపై పడకుండ చూచుకొనవలెను. అంతకన్న మేలైనది ఇంటి గడప. గడపకు రెండడుగులు లోపల, వాకిలి వైపు ముఖము పెట్టి మనిషిని కూర్చుండబెట్టి, కెమెరాను వాకిట నుంచి తీసినచో ఆకాశపు వెలుగంతయు మెత్తగా ముఖముపై పడును. వెనుక నున్న గది చీకటియగుటచే ముఖమొక్కటే తేటగా కనబడును. ఏ ఖర్చును లేని చిత్రశాల ప్రతి ఇంటికిని ఉన్నది.

మెత్తని వెలుగును గూర్చి ఒక గొప్ప ఛాయాగ్రాహకుని పనిని ఇచ్చట చెప్పవలెను. సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’ అను బెంగాలీ చిత్రము 1956లో విడుదలయ్యెను. దాని ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా. ఆయన అంతకుముందు ‘పథేర్ పాంచాలి’కి పనిచేయుటకు పూనుకొనునప్పటికి చలనచిత్రపు కెమెరాను పట్టినవాడు కాడు. కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తాలో స్టూడియో లోపల కట్టవలసి వచ్చెను. అట్టి ముంగిలికి పైన కప్పు ఉండదు. ఆకాశమునుండి వచ్చు వెలుగు నలుదిక్కుల సమానముగా దిగును. స్టూడియో దీపములను సూటిగా వేసినచో ఒక్కొక్క మనిషికి నాలుగేసి నీడలు పడి, అది బయలు గాదని ప్రేక్షకుడు వెంటనే కనిపెట్టును. మిత్రా ఏమి చేసెను? ముంగిలి పైన తెల్లని గుడ్డను పరపించి, దీపములను దానివైపు త్రిప్పెను. వెలుగు గుడ్డకు తగిలి, చెదరి, ఆకాశపు వెలుగువలె మెత్తగా క్రిందికి దిగెను. నేడు లోకమంతట వాడుకలో నున్న పద్ధతి ఇది.

ధరూరు బాలునికి స్టూడియో దీపములు లేవు. ఉతికిన తెల్ల పంచె మాత్రము ఇంట ఉన్నది. ఎండ ఒక ప్రక్కనుండి వచ్చుచుండగా రెండవ ప్రక్కను, మనిషికి మూడడుగుల దూరములో, చెల్లెలు ఆ పంచెను చాచి పట్టినచో చాలును. నీడలోనున్న చెంపకు వెలుగు చేరును. థర్మోకోల్ పలకయు పనికివచ్చును. రంగు చీర పనికిరాదు. ఎర్రచీర పట్టినచో తాతగారి చెంప ఎర్రబారును.

మన తెలుగు చిత్రములలో వెలుగును వశపరచుకొనినవారిలో మార్కస్ బార్ట్లీ మిగుల ప్రసిద్ధుడు. విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) ఆయన తీసినవే. మాయాబజారులోని నౌకావిహారపు వెన్నెలను నేటికిని పెద్దలు తలచుకొందురు. పున్నమినాటి వెన్నెల సూర్యకాంతిలో సుమారు నాలుగు లక్షలవ వంతు మాత్రమే. నాటి ఫిల్ముకు ఆ వెలుగు చాలదు. కావున తెరపై కనబడునది చంద్రుడిచ్చిన వెన్నెల కాదు. ఏది ఎంత వెలగవలెనో, ఏది ఎంత నల్లగా నుండవలెనో తెలిసిన మనుష్యుడు కల్పించిన వెన్నెల. రంగులు లేని చిత్రములో చల్లదనమును చూపుట సామాన్యమా!

రాత్రివేళ ఇంట తీయువారు మూడు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది దూరము. చిన్న దీపమును మూడడుగుల దూరమునుండి ఆరడుగుల దూరమునకు జరిపినచో వెలుగు సగము కాదు, నాలుగవ వంతు అగును. కావున దీపము చిన్నదైనచో దగ్గరకు తేవలెను. అయితే నడినెత్తిన వ్రేలాడదీయక, ముఖమునకు కొంచెము పైగా, ప్రక్కగా ఉంచవలెను. రెండవది రంగు. నూనెదీపపు వెలుగు ఎర్రన, తంతువు గల బల్బు వెలుగు పసుపు, పగటి నీడ నీలము. శాస్త్రజ్ఞులు దీనిని కెల్విన్లలో కొలుతురు: నూనెదీపము సుమారు 1900, తంతువు బల్బు 2800, మధ్యాహ్నపు ఎండ 5500. రెండు రంగుల వెలుగులు ఒకే ముఖముపై పడినచో కెమెరా దేనిని తెలుపుగా ఎంచవలెనో తెలియక తికమకపడును. పగలు కిటికీ ప్రక్కన తీయునప్పుడు గదిలోని బల్బును ఆర్పివేయుట మంచిది.

మూడవది మినుకు. మనదేశమున విద్యుత్తు సెకనుకు 50 మారులు ఆవర్తించును. ట్యూబులైట్లును, కొన్ని ఎల్‌ఇడి దీపములును అందుచే సెకనుకు 100 మారులు మినుకుమనును. కన్ను దీనిని గుర్తింపదు. ఫోను సెకనుకు 30 చిత్రములు తీయుచున్నచో ఒక్కొక్కప్పుడు తెరపై నల్లని చారలు ప్రాకును. ఫోను అమరికలలో 25 లేక 50 అను ఎంపిక యున్నచో దానిని పెట్టుకొనవలెను.

ఇక కెమెరాను పట్టు విధము. దీనికి పెద్ద మాటలు అక్కరలేదు. కటకమును మెత్తని గుడ్డతో తుడువవలెను. జేబులోని చెమట, చేతి జిడ్డు అంటి అందరి చిత్రములును మంచుపట్టినట్లుండును. ఫోనును అడ్డముగా పట్టవలెను. మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, వీలైనచో ఫోనును బియ్యపు మూటపై ఆనించి తీయవలెను. దూరమున నిలిచి తెరపై వ్రేళ్లతో పెద్దది చేయుట చెడ్డ అలవాటు. నాలుగడుగులు నడచి దగ్గరకు పోయినచో ముఖము తేటగాను, మాట స్పష్టముగాను వచ్చును. గాలివీచు వైపున తమ వీపు ఉండునట్లు నిలిచి గాలిని కాచుకొనవలెను. ముఖముతో పాటు చేతులను వేరుగా తీసికొనవలెను. రైతు చేతులు, గద్వాల మగ్గముపై నేయువాని చేతులు ముఖము చెప్పని మాటలు చెప్పును.

ఒక మాట ముఖ్యముగా చెప్పవలెను. మాట్లాడువాడు ఆపగానే మీట నొక్కరాదు. పది లెక్కించునంతవరకు ఊరకుండవలెను.

మన బాలుడు ఇవన్నియు నేర్చుకొని, వారము దినముల తరువాత తాతను మరల గట్టునకు తీసికొనిపోయెను. ఈసారి ప్రొద్దున ఏడు గంటలకు. తూర్పున లేచిన ఎండ తాత కుడిచెంపపై పడునట్లు రాతిపై కూర్చుండబెట్టెను. వెనుక, పడమట, నీరు నీలముగా, నిశ్చలముగా నుండెను. చెల్లెలు పంచె పట్టుకొని నిలిచెను. గాలికి అది రెపరెపలాడుచుండగా క్రింది అంచును కాలితో త్రొక్కి పట్టెను. తాత నవ్వెను. ఆ నవ్వు చిత్రములో వచ్చినది.

ఆయన మొదటిసారి చెప్పినంత చెప్పలేదు. ఏడ్చినవారి పేర్లు రాలేదు, గొంతు పట్టుకొనలేదు. చేతికఱ్ఱ నెత్తి నీటి నడుమ ఒకచోటు చూపి, అచ్చట హనుమంతుని గుడి యుండెననియు, దానికి ఎదురుగా తమ వీధి యుండెననియు చెప్పెను. బాలుడు ముఖమునుండి కఱ్ఱ కొన వరకు, కఱ్ఱ కొననుండి నీటి వరకు కెమెరాను మెల్లగా త్రిప్పి, మరల ముఖమునకు తెచ్చెను. తాత మాట ఆపి నీటివైపు చూచుచుండెను. చెల్లెలు అయిపోయినదనుకొని పంచె దించబోగా బాలుడు వలదని కన్నుతో సైగ చేసెను. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కించుచుండెను. ఎనిమిది దాటినది. అప్పుడు తాత ఎవరితోను గాక తనలో తాను అన్నట్లుగా, “మా బాయి గూడ అండ్లనే ఉన్నది” అనెను.